దొరల జంతికల గొట్టం

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో ఉన్న రోజుల్లో నాకు ప్యూటర్ పిచ్చి పట్టింది. ప్యూటర్ అంటే తగరంలో వేరే లోహాలు కలిపి చేసేది. ఒకప్పుడు అక్కడి ఇళ్లలో కంచాలు, చెంబులు చాలావరకు దానితోనే చేసేవారట. శనివారాలు, జనం కారు డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే మైదానానికి వెళ్లి, నల్లబడిన వస్తువు ఏది కనిపించినా తెచ్చేవాణ్ణి. చింతపండుతో తోమి, షెల్ఫులో పెట్టి, అది దేనికి వాడేవారో నేనే ప్రకటించేవాణ్ణి. పుస్తకం తిరగేయడం నామోషీ. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టేవాడికి చెంబులొక లెక్కా! కొవ్వొత్తులు ఆర్పే టోపీని నెలరోజులపాటు "నాలుక ఊడిన గంట" అని అందరికీ చూపించాను.

ఒక శనివారం జానెడు పొడవు గొట్టం దొరికింది. లోపల తోపుడు కడ్డీ, చివర సన్నటి ముక్కు.

"దొరల జంతికల గొట్టం," అన్నాను మా ఆవిడతో.

ఆమె హాస్పిటల్లో నర్సు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "చిల్లుల బిళ్ల ఏదండీ? దీనికి ఒకటే బెజ్జం."

"అయితే కేకు మీద క్రీము పెట్టేది."

"నాకెందుకో అనుమానంగా ఉంది."

"నువ్వు నీ డ్యూటీల రోటా చూసుకో. పాత సామాను నాకొదిలెయ్."

మర్నాడు చర్చి అయ్యాక నాలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాం. గొట్టాన్ని నీళ్లలో మరిగించి, క్రీము నింపి, అందరి ముందూ కేకు మీద పువ్వులు దిద్దాను. దిద్దుతూ రాణీగారి వంటవాళ్ల గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. చర్చి పెద్ద అంకుల్ రెండో ముక్క వేసుకుని, "బేకరీలో కొన్నట్టే ఉంది బాబూ," అన్నారు.

అప్పుడే పక్కింటి ఇంగ్లీషు ముసలావిడ కేకుకని వచ్చింది. ఆమె రిటైరైన నర్సు. నా చేతిలోది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా ట్రైనింగ్ రోజుల్లో మా హాస్పిటల్ అద్దాల బీరువాలో ఇలాంటిదే ఉండేది," అంది.

"కేకులకేనా?" అన్నాను ఉత్సాహంగా.

"కాదు డియర్. మలబద్ధకానికి."

వచ్చిన నాలుగిళ్ల ఆడవాళ్లూ నర్సులే; మా ఆవిడ, ముసలావిడతో కలిపి గదిలో ఆరుగురు. ఎనీమా అంటే ఏమిటో, ఆ ముక్కు ఎటువైపు వెళ్లేదో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. చెంచాలన్నీ ఒకేసారి కిందికి దిగాయి. మా ఆవిడ పవిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. ఏడుస్తోందనుకుని వెనకే వెళ్తే, ఫ్రిజ్‌కి జారగిలబడి పడీపడీ నవ్వుతోంది.

తిరిగొచ్చేసరికి అంకుల్ ప్లేటు వైపు చూస్తూ ఆలోచిస్తున్నారు.

"మరిగించావన్నావు కదా బాబూ?"

"పది నిమిషాలు, అంకుల్."

"అయితే స్టెరైలే," అని ముక్క పూర్తిచేశారు. మిగతావాళ్లు ఆయన విశ్వాసానికి ముగ్ధులయ్యారు గాని, ప్లేట్లు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

పాత ప్యూటర్‌లో సీసం ఉండొచ్చు, వంటకి వాడొద్దని ముసలావిడ హెచ్చరించింది. మరుసటి వారం నా పక్కన కూర్చుని షెల్ఫులోని వస్తువులన్నిటికీ చీటీలు రాయించింది. పదకొండింటిలో నేను సరిగ్గా చెప్పింది ఒక్కటే, బీరు మగ్గు.

"దానికి పిడి ఉంది కదండీ, అందుకే తెలిసింది," అంది మా ఆవిడ.