దుంగకో అడుగు

మా తాత ఈదయ్య నడక చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. తల వంచుకుని, కొలిచినట్టు పొట్టి పొట్టి అడుగులు వేస్తాడు. ముందు గుంట వచ్చినా, పేడ వచ్చినా ఆ అడుగు మారదు. పేడ తొక్కి వచ్చిన రోజు నాయనమ్మ సోమమ్మ తిట్లు వినాలి. నేను మూడో తరగతితో బడి మానేశాను గాని ఈ లెక్క మాత్రం చెప్పగలను: రైలు పట్టాల కింద దుంగకూ దుంగకూ ఎంత ఎడమో, తాత అడుగు అంతే.

ఆయన బోనకల్లు దగ్గర రైలు లైన్ మీద కీమ్యాన్‌గా ఉండేవాడు. రోజూ పట్టాల వెంట నాలుగు మైళ్ళు నడవాలి. వదులైన చీలలను సుత్తితో బిగించాలి. పట్టా విరిగి కనిపిస్తే ఎర్ర జెండా పట్టుకుని రైలుకు ఎదురు పరిగెత్తాలి. సెలవుకు కోదాడ పక్కన మా ఊరికి వచ్చినా ఎర్ర జెండా, పచ్చ జెండా రెండూ మూటలోనే. పోతే నౌకరీ పోతుందని భయం.

నలభై ఎనిమిది ఎండాకాలంలో ఆ భయమే ప్రాణం మీదికి తెచ్చింది. అప్పుడు మా వైపు ఎర్ర జెండా అంటే నిజాం మీద తిరగబడ్డ సంఘం జెండా. అది దొరికిన మనిషి తిరిగొచ్చేవాడు కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఎర్ర రవికలు కూడా పాతిపెట్టారు. లైన్ మీదే బతికే తాతకు ఇదేదీ తెలియదు. ఆయనకు ఎరుపంటే ఆగు, పచ్చంటే పో.

సెలవుకు వస్తుంటే కోదాడ పొలిమేరలో తుపాకులు పట్టిన రజాకార్లు ఆపి మూట విప్పారు. రైలు జెండా అని తాత చెబితే, కోదాడకు రైలెక్కడిదని నవ్వారు. నిజమే, అప్పట్లో ఇటు సూర్యాపేటలో గాని అటు మిర్యాలగూడలో గాని రైలు కూతే లేదు. పచ్చ జెండా చూపిస్తే, ఎర్రది సంఘానికి, పచ్చది మాకా, రెండు దిక్కులా ఉన్నావా అని కొట్టారు.

చివరికి వాళ్ళ పెద్ద, ఎదురుగా ఉన్న తోపు దాకా నడవమన్నాడు. వెనక తుపాకి ఎత్తారని తాతకు తెలుసు. అయినా అలవాటు పోలేదు. తల వంచి, దుంగకో అడుగు.

"ఆగుండ్రి," అన్నాడు వెనక ఒకడు. "గిట్ల నడిచేటోళ్ళను డోర్నకల్ జంక్షన్ల సూసిన. వీడు రైలోడే."

పచ్చ జెండా మొహాన కొట్టి వదిలేశారు. ఎర్రది అక్కడే కాల్చేశారు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాక తాత అడిగింది ఒకటే, జెండా చేసుకోవడానికి నాయనమ్మ పాతిపెట్టిన ఎర్ర రవిక.

"మళ్ళ గదే తొవ్వల పోవాలె. ఈసారి దొరికితే?" అంది ఆమె.

"దొరికితే నేనొక్కడ్ని. బండి ఆగకుంటే ఎంతమందే?"

నాయనమ్మ మట్టి తవ్వి, రవిక విప్పదీసి, తలపాగ మడతల్లో పెట్టి కుట్టింది. ఆయన చేరాడన్న కబురు వచ్చేదాకా వారం రోజులు ముద్ద మింగలేదట.

ఇప్పుడు నేను తాత వెనక అదే నడక నడిచి ఏడిపిస్తుంటాను. ఏమీ అనడు. తోపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కసారి తిరిగి చూస్తాడు, వెనక ఉన్నది నేనేనా అని.