మాల లేకుండా మానేసినవాణ్ణి

నేను తాగడం మానేసి ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఎక్కువమంది నన్ను అడిగిన మాట, "మాల ఎప్పుడు తీస్తున్నావు?" మెడ చూపించి, మాల లేదు బాబూ అన్నా నమ్మరు. మా ఊరు దుర్గిలో మగవాడు మందు ముట్టలేదంటే మాల వేసుకున్నాడనే లెక్క. తీసిన రోజు మళ్లీ మొదలుపెట్టడం కూడా మామూలే. నాలాగా ఊరికే మానేసినవాణ్ణి ఏ గాటన కట్టాలో వీళ్లకు తెలియదు.

మాల మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా మా ఆవిడ తమ్ముడి మీద. ఏటా నలభై ఒక్క రోజులు నల్లబట్టలు కట్టి, చెప్పులు లేకుండా తిరుగుతాడు. ఆ రోజుల్లో పెద్దవాళ్లు కూడా అతన్ని "స్వామీ" అనే పిలుస్తారు. మిగతా ఏడాదంతా మందులోనే ఉంటాడు. నేనేమో ఏడేళ్లుగా చుక్క ముట్టకపోయినా అతని నోట "తాగుబోతు బావ"నే!

నాది రాతి శిల్పాల పని. తాగే రోజుల్లో ఉలి పడితే చెయ్యి వణికేది. మేస్త్రీ నాకు పీఠాల పనే ఇచ్చేవాడు, ముఖాల జోలికి రానిచ్చేవాడు కాదు. ఒక్క దెబ్బ జారితే నెలల పని పాడవుతుంది మరి. మానేసిన రెండేళ్లకు గాని నాకు ఒక కన్ను అప్పగించలేదు. ఇప్పుడు మా షెడ్డులో ఏ విగ్రహానికైనా కళ్లు దిద్దేది నేనే. ఒక్క గ్లాసు తాగితే మళ్లీ పీఠాల దగ్గరికే పోతానని నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ రోజూ పొద్దున ఉలి పట్టేముందు చెయ్యి చాపి చూసుకుంటాను.

మొన్న జనవరిలో బావమరిది మాల తీసి, మగవాళ్లందరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వెళ్లకపోతే మా ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని వెళ్లాను. "నీకు కూల్ డ్రింకే బావా" అంటూ గ్లాసు చేతికిచ్చాడు. నోటిదాకా తెచ్చేసరికి మందు వాసన తగిలింది. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వు ఆపుకుంటూ నా నోటివైపే చూస్తున్నారు.

"ఏందిరా ఇది?"

"కొంచెమే కలిపా బావా. ఏడేళ్లంటే చానా ఎక్కువ. ఇంకెన్నాళ్లు చేస్తావు ఆ దీక్ష?"

ఒళ్లు మండిపోయింది. అది వేళాకోళమట! నా నోట్లో మట్టి కొట్టడం వేళాకోళమా? గ్లాసు నేలకేసి కొట్టాను. సగం నా చొక్కా మీదే పడింది. అన్నం ముట్టకుండా వచ్చేశాను.

ఆ వాసనకు మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. ఏడేళ్ల తర్వాత కూడా నా మీద నమ్మకం ఇంతేనా అని ఇంకా కోపం వచ్చింది. నోరు ఊది చూపించబోతే వద్దంది.

"చెయ్యి చాపు."

చాపాను. వణుకుతోంది. కోపంతోనే, కానీ వణుకుతోంది. జరిగింది చెప్పాను. ఆ చెయ్యి వదలకుండానే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నలభై రోజులు మానావని నీకు స్వామీ అని మొక్కానే! నాకంటే చిన్నోడివైనా నీ కాళ్లకు మొక్కాను. ఏడేళ్లు మానినాయనకి మందు కలిపిస్తావా? ఈయన కాళ్లు పట్టుకున్నాకే నా గడప తొక్కు."

మర్నాడు షెడ్డులో చెయ్యి చాపి చూసుకున్నాను. కదల్లేదు. అమ్మవారి ఎడమ కన్ను మిగిలి ఉంటే ఆ పూటే దిద్దాను. బావమరిది ఇంకా రాలేదు. వస్తే ముందు ఆ కన్ను చూపిస్తాను, తర్వాత తిడతాను.