నిన్న ఏం తిన్నవ్ బిడ్డా

మా మేనత్త పోయిందని దేవరయాంజాల్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దేవుడి ముందు దీపం పెడుతున్నాను. దీపం పెట్టి అక్కడే కూర్చున్నాను. మనసు వారం కిందటి ఒక మామూలు ఉదయానికి పోయింది.

ఆ ఉదయం నేను అత్త ఇంట్లోనే ఉన్నాను. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి గాలి వీస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటోంది, గాలి మళ్లగానే తీసేస్తోంది. లోపల చాయ్ మరుగుతోంది. సూరారం నుంచి మా చిన్నచెల్లె కూతుర్ని తీసుకుని ఆటో దిగింది. పిల్లకు పదేండ్లు, ఐదో తరగతి. నాలుగు రోజుల కిందటే పెద్దమనిషి అయింది.

"చికెన్ మస్తు తినిపిచ్చిన అత్తా. తప్పు నాదే" అని చెల్లె ఏడ్చింది.

అత్త చేట పక్కన పెట్టింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిన్న ఏం తిన్నవ్ బిడ్డా?"

నలభై ఏళ్లు ఊళ్లో కాన్పులు చేసిన మనిషి. నెల తప్పినా, పాలు పడకపోయినా, ఎవరొచ్చినా చెయ్యి వేసే ముందు అదే ప్రశ్న. ఆ తర్వాత, ఎంత దూరం నడిచినవ్ అని. చంటిపిల్లకు పాలిస్తూ నాట్లకు పోయే తల్లులు, రెండేళ్లయినా నెల రాలేదని భయపడి వచ్చేవాళ్లు. "చేతిల ఉన్న బిడ్డ బతకాలని ఒళ్ళే ఆగుతాంది. ఎన్ని తరాల కరువు జూసిందో, దానికి యాదుంటది" అనేది. ఆమెకు అక్షరం రాదు.

"పూరీలు, గుడ్డు" అంది పిల్ల.

అత్త నవ్వింది. "నాకు పదిహేడేండ్లొచ్చినా గాలేదు. జొన్నగట్క గూడ దొరకని రోజులు. గొడ్రాలని అత్తగారింట్ల అన్నరు. నీ కడుపు నిండింది, జల్దీ అయినవ్. గప్పుడు తప్పు నాది గాదు, ఇప్పుడు నీది గాదు."

అంతలో మా తమ్ముడు నాకు ఫోను చేశాడు, స్పీకర్ పెట్టాను. "మేడ్చల్ల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. ఫ్లెక్సీలు గూడ చెప్పిన. మేనమామను, పరువుండాలె గద! ఫంక్షన్ అయ్యేదాక బడికి పంపకుండ్రి."

పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెద్దమ్మా, ఫ్లెక్సీ మా స్కూల్ కాడ గూడ పెడ్తరా?"

అత్త విన్నది. ఫోను అందుకుంది. "ఏంరా, ఒళ్ళు తయారైతే పిల్ల తయారైనట్టా? నీకు మీసం మొలిచిననాడు మేం ఫ్లెక్సీ పెట్టినమా?"

"నువ్ పాతకాలం దానివత్తా" అన్నాడు వాడు. మాట తేలలేదు. వారానికే అత్త నిద్రలో వెళ్లిపోయింది.

పెద్దకర్మ అయిన సాయంత్రం ఆమె వాకిట్లోనే కూర్చున్నాం. తమ్ముడు మళ్లీ హాల్ సంగతి ఎత్తాడు. నేను ఎక్కువ మాట్లాడను. ఒక్కటే అడిగాను: "పిల్లనడిగినవా తమ్మీ?"

వాడు పిల్లను పిలిచాడు. నీకేం గావాలె అని అడిగాడు.

"బడికి పోత మామా" అంది.

హాల్ వద్దని, ఫ్లెక్సీలు వద్దని అనుకున్నాం. ఆదివారం ఇంట్లోనే మేం ఆడవాళ్లం తలస్నానం చేయించి నువ్వుల ముద్ద పెట్టాలి. సోమవారం బడి. వాడు కొన్న పట్టు ఓణీ బీరువాలో ఉంటుంది, పిల్ల అడిగినరోజు కట్టుకుంటుంది.

అప్పటికే పిల్ల అత్త మంచం పక్కన బొగ్గుతో గీసుకున్న తొక్కుడుబిళ్ళ గళ్లలో గెంతుతోంది. తమ్ముడు చూస్తూ చూస్తూ అడిగాడు.

"పొద్దుగాల్నుంచి ఏం తిన్నవ్ బిడ్డా?"

ఒంటికాలి మీదే ఆగి, ఆలోచించుకుంటోంది.