దుప్పి కొమ్ములకు చుట్టుకున్న పడుగు

మా ఆయన అభయారణ్యంలో బీటుగార్డు. డెబ్బైల చివర్లో జన్నారం అవతల, టేకు చెట్ల నడుమ మాకో క్వార్టరు ఇచ్చారు. నేనేమో జమ్మికుంట దగ్గర నేతవాడలో పుట్టి, మగ్గం చప్పుడు లేనిదే నిద్ర పట్టనిదాన్ని. పొద్దుపోక నేను పెట్టే గోల భరించలేక ఆయనే ఇంట్లో నాకో మగ్గం వేయించాడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

ఏడో నెలలో తొలి కాన్పుకు తీసుకుపోవడానికి బాపు వచ్చాడు. నేతగాడి చేతులు ఊరికే ఉంటాయా? పుట్టబోయే బిడ్డకు మెత్తటి బట్ట నేసి పోదామన్నాడు. మా వాడలో చేసినట్టే తెల్లవారగానే క్వార్టరు ముందు రెండు చెట్ల మధ్య నిలువు పోగుల పడుగు చాపి, దారాలు గట్టిపడేందుకు గంజి పట్టించి కుంచెతో దువ్వాం. ఆరేలోగా చాయ తాగుదామని లోపలికి పోయాం. వాడలో అయితే మేకల్ని అదిలించడానికి ఎవరో ఒకరుంటారు. అడవిలో ఎవరుంటారు? ఆ తెలివి ఇద్దరికీ లేకపోయింది.

బయట దబ్బున చప్పుడైంది. గంజి నాకడానికి వచ్చిన దుప్పి ఒకటి, కొమ్ములకు పడుగంతా చుట్టుకుని కిందపడి కొట్టుకుంటోంది. మెడకు దారాలు బిగిసి నాలుక బయటికొచ్చింది. గార్డు ఇంటి ముందే దుప్పి చస్తే ఆయన నౌకరి ఉంటుందా? పోనీ దారాలు కోద్దామంటే, మగ్గమెక్కని పడుగు మీద కత్తి పడితే ఆ ఇంట్లో కడుపుతో ఉన్నదానికి కీడని మా వాళ్ల నమ్మకం. కొడవలి పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను.

"ఇటియ్యి," అని బాపు కొడవలి గుంజుకున్నాడు.

"వద్దు బాపు, కడుపుల పిల్ల..."

"నువ్వు లోపటికి పో. కోసేది నేను. ఏదన్న కీడు తలిగితే నాకే తలుగనీ."

తువ్వాల దాని కళ్ల మీద వేసి, పరపరా కోసేశాడు. దుప్పి లేచి, తూలి, కొమ్ములకు దారాలు వేలాడుతుండగానే చెట్లలోకి ఉరికింది. సాయంత్రం సంగతి విన్న మా ఆయన మామ చేతులు పట్టుకుని వదల్లేదు. "పోనీ అల్లుడా," అన్నాడు బాపు, అంతే.

పుట్టింట్లో నాకు ఆడపిల్ల పుట్టింది. బాపు గడప బయటి నుంచే "ఇద్దరు మంచిగున్నరా?" అని అడిగాడు. తర్వాత బిడ్డను నా పక్కన పడుకోబెడుతూ నన్ను కన్న అవ్వ చెప్పింది.

"అడివికెల్లి వచ్చినప్పటి సంది మీ బాపు ఒక్కపొద్దే ఉంటుండు. రాత్రిపూట ముద్ద ముట్టలే. మీకేం కావద్దని మొక్కుకున్నడు. నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పనియ్యలే."

ఆ రోజు దేవుళ్లకు దండం పెట్టానో లేదో గుర్తులేదు గానీ బాపుకు మాత్రం మనసులోనే పెట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు. పొద్దుగూకగానే "అవ్వా, బాపుకు అన్నం పెట్టు," అన్నాను. ఆయన తినేది మంచంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. తలెత్తకుండా తిన్నాడు. మళ్లీ పెట్టమని పళ్లెం ముందుకు జరిపాడు.