వియన్నాలో ఊరు చూడబోయి

వియన్నా నగరం చూడ్డానికి వెళ్ళి, ఒక్క రాజభవనమైనా చూడకుండా, ముక్కూ మొహం తెలియని ఇంట్లో పాతికేళ్ళ అనుమానాన్ని తవ్వి బయటపెట్టి వచ్చిన ఘనుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నేను మాత్రం ఇప్పటికీ సగం దాకానే నవ్వగలను.

కంప్యూటర్ తెలిసినవాడికల్లా పిలిచి ఉద్యోగం ఇస్తున్న రోజులవి. నేను సింగపూర్ చేరి, యీషున్‌లో ఫ్లాట్ తీసుకుని, కొత్తగా పెళ్ళాడిన సుగుణని తీసుకొచ్చి, ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్నట్టు తిరుగుతున్నాను. నాలుగు రోజులు సెలవు దొరగ్గానే వియన్నాకి టికెట్లు కొన్నాను. "పొద్దున్నే పెద్ద చర్చి ముందు గైడు గొడుగు పట్టుకుని నుంచుంటాడు, ఆయన వెనకాల వెళ్ళిపోండి" అని ట్రావెల్ ఏజెంటు చెప్పాడు.

ఆ పొద్దున్న వియన్నాలో వర్షం. గొడుగు లేని మనిషి ఊళ్ళో లేడు.

"మన గైడు ఎవరండీ ఇందులో?" అంది సుగుణ.

చర్చి మెట్ల మీద ఒక ముసలాయన నల్లకోటు వేసుకుని, నల్లగొడుగుతో నుంచున్నాడు. చుట్టూ చిన్న గుంపు. "టూర్ ఇదేనా?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆయనకేం వినిపించిందో, తలూపి మా చేతుల్లో చెరో తెల్ల గులాబీ పెట్టాడు.

"చూశావా, ఫ్రీగా పువ్వులు కూడా" అన్నాను.

"అందరూ నల్లబట్టలే వేసుకున్నారేంటండీ?"

"యూరప్ ఫ్యాషన్."

"ఒక్కళ్ళూ మాట్లాడట్లేదు."

"చరిత్రంటే వీళ్ళకి గౌరవం. మనలాగా గుళ్ళో కూచుని కబుర్లు చెప్పుకోరు."

లోపల పూలు కప్పిన పెట్టె ఒకటి ఉంది. ఎవరో రాజుగారిదై ఉంటుందని సుగుణకి వివరించి, ఫొటో తీశాను. ఫ్లాష్ పిడుగులా వెలిగింది. ముందు వరసలో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చాలాసేపు చూసింది. నేను నవ్వి తల వంచాను.

తరవాత అందరితోపాటు బస్సెక్కాం. బస్సు తిన్నగా శ్మశానానికి వెళ్ళింది. అక్కడ గొప్ప సంగీతకారుల సమాధులున్నాయని చదివాను గనక, అదీ టూర్లో భాగమే అనుకున్నాను. కాని రాజుగారి పెట్టె కూడా మా వెనకే వచ్చింది. నలుగురు దాన్ని మోసుకెళ్ళి గోతిలోకి దించారు. అప్పటికి నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. టూరుకొకసారి రాజుని పాతిపెట్టరు గదా.

"ఏవండీ," అంది సుగుణ మెల్లగా, "ఈయన కొత్తగా పోయినట్టున్నాడు."

పారిపోదామంటే వరసలో ఇరుక్కున్నాం. ఒక్కొక్కరే గోతిలో పువ్వు వేసి, ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని పరామర్శిస్తున్నారు. మా వంతు వచ్చింది.

"ఎక్కడి నుంచి వచ్చారు?" ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"సింగపూర్ నుంచండీ."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అలాగే పక్కనున్న భోజనశాలకి తీసుకెళ్ళి, తన పక్కన కూచోబెట్టుకుంది. ఎదురుగా గొడుగు ముసలాయన కూచున్నాడు. ఆవిడ తమ్ముడట. సూప్ వచ్చింది.

"మీ అమ్మ బాగుందా?" అంది ఆవిడ.

పరాయి దేశంలో ఎంత మర్యాద అనుకున్నాను. "బాగుందండీ."

"తను రాలేదేం?"

"మోకాళ్ళ నొప్పులండీ. ప్రయాణాలు పడవు."

ఆవిడ తమ్ముడికి జర్మన్‌లో ఏదో చెప్పింది. ఆయన చెంచా కింద పెట్టేశాడు.

"మా ఆయన గురించి నీకెప్పుడైనా చెప్పిందా?"

"లేదండీ. ఆయన్ని ఇవాళే మొదటిసారి..." చూశాననాలో, చూడలేకపోయాననాలో తెలీక ఆగిపోయాను.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుగుణ బల్లకింద నన్ను గట్టిగా గిల్లి, తెలుగులో అంది: "మహానుభావా, ఈవిడ మిమ్మల్ని వాళ్ళాయన కొడుకనుకుంటోంది."

"పాతికేళ్ళ కిందట ఆయన సింగపూర్ పక్క దీవిలో రిఫైనరీ కట్టడానికి వెళ్ళాడు," అంటోంది ఆవిడ. "తిరిగొచ్చాక ఆ ఊరి మాటెత్తితే, వర్షాలెక్కువ అని తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. మాకు పిల్లలు లేరు."

నేను సూప్ గిన్నె పక్కకి జరిపేశాను.

"నిజం చెప్పెయ్యండి," అంది సుగుణ.

చెప్పాను. మా నాన్న తెనాలిలో లెక్కల మాస్టారనీ, ఆయన సముద్రం చూసింది కూడా సూర్యలంకలోనేననీ, నేను దీన్ని గైడెడ్ టూరనుకుని వచ్చాననీ.

తమ్ముడు రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో, కోపమో తెలీదు గాని భుజాలు కదులుతున్నాయి. ఆవిడ నవ్వలేదు.

"నువ్వు ఉన్నావేమోనని పాతికేళ్ళు భయపడ్డాను," అంది. "ఇవాళ నీ చెయ్యి పట్టుకున్నాక, ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది."

సూప్ నా వైపు జరిపి, చల్లారకముందే తాగమంది. తాగాను.

హోటల్‌కి వెళ్ళే ట్రాములో సుగుణ కిటికీ కేసి తిరిగి కూచుంది. "సాయంత్రం దాకా కొడుకుగా ఉండిపోతే మీ సొమ్మేం పోయేదండీ," అంది.

"నిజం చెప్పమన్నది నువ్వేగా."

"అన్నాన్లెండి."

యీషున్ చేరిన మర్నాడు అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "ఏం చూశార్రా అక్కడ?"

"ఒక పెద్దాయన్ని సాగనంపాం అమ్మా."

"ఎవర్రా ఆయన?"

నేను చెప్పేలోపే సుగుణ ఫోన్ లాక్కుంది. "మీకు బాగా దగ్గర చుట్టం కాబోయి తప్పిపోయాడు లెండి, అత్తయ్యా."

ఆ క్షణమే దేవుడి పటం ముందు నుంచుని ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఏ మహానగరానికి వెళ్ళినా, కోటలూ భవనాలూ చూడకపోయినా సరే, పోయినవారెవరో కనుక్కోకుండా ఎవరి దుఃఖంలోకీ విహారయాత్రకి వెళ్ళను.