బుధవారం మ్యాట్నీ జబ్బు

జెల్మా గ్రీనిడ్జ్ ఆంటీకి జబ్బు చేసేది ఒక్క బుధవారమే. అదీ మ్యాట్నీకే. నాటకం నెల ఆడినా ఏడాది ఆడినా, మొత్తానికి ఒక్కసారే. సాయంత్రం ఆటకి మళ్ళీ నిక్షేపంలా వచ్చి నిలబడేది. ఆ జబ్బులు మాత్రం ఏ వైద్యుడూ కనీ వినీ ఎరగనివి.

"ఎడమ చెవి నిద్రపోయిందిరా," అని ఒకసారి ఫోన్ చేసింది.

"చెవి నిద్రపోవడమేమిటి ఆంటీ?"

"కాలు తిమ్మిరెక్కడం లేదూ? అలాగే."

ఇంకోసారి జుట్టుకి జ్వరం. మరోసారి వెన్నెముక తనలో తాను గొణుక్కుంటోందట. తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని కూర్చోవడం, ఎవరెందుకు రాలేదో రిపోర్టు రాయడం నా ఉద్యోగం. 'వెన్నెముక గొణుగుడు' అని రాసింది ఈ చేతులతోనే. ఆవిడా మా అమ్మా బార్బడోస్ దీవిలో ఒకే వీధివాళ్ళు. రాయక చస్తానా?

నలభయ్యేళ్ళ నటన ఆవిడది. రంగస్థలం మీద రాణి వేషాలు కూడా వేసింది గానీ, టీవీలో, సినిమాల్లో దొరికినవన్నీ నర్సు వేషాలే. ఈ ఇంగ్లండులో మా నల్లరంగు ఆడది తెరమీద కనపడాలంటే ముందు ఓ తెల్లాయన మంచాన పడాలి. ఆవిడ మోసినన్ని బెడ్‌పాన్‌లు అసలు నర్సులు కూడా మోసి ఉండరు. మధ్యలో ఒక్కసారి జడ్జి వేషం వచ్చింది. మాట ఒకటే: "కూర్చోండి." రిహార్సల్లో దాన్ని పధ్నాలుగు రకాలుగా చెప్పింది. "మూడో రకానికి డైరెక్టరే కూర్చున్నాడు," అని చెప్పుకునేది.

అలాంటిది అరవై మూడో ఏట ఆవిడకి ప్రధాన పాత్ర దొరికింది. మా బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ నుంచి వచ్చి లండన్‌లో గదులు అద్దెకిచ్చే ఒక మహాతల్లి కథ. పది నెలలుగా ఆడుతోంది. దాన్నే మా కంపెనీవాళ్ళు సినిమా తీస్తామన్నారు, అందులోనూ ఆవిడే. సినిమా మొత్తం మీద ఒక్క బెడ్‌పాన్ లేదు.

సరిగ్గా అప్పుడే మా కంపెనీకి ఫాన్‌షా అనే కొత్త మేనేజరు దిగాడు. నవ్వాలన్నా పైవాళ్ళ అనుమతి అడిగే రకం.

"మిస్ గ్రీనిడ్జ్, మీ బుధవారాల సంగతి విన్నాను," అన్నాడు అందరి ముందూ. "డాక్టరు చీటీ లేకుండా ఒక్క ఆట మానినా నాటకమూ లేదు, సినిమా లేదు. పాత్ర ఇంకొకరికి వెళ్తుంది."

"జబ్బు చెప్పి వస్తుందా బాబూ?"

"మీది చెప్పే వస్తోంది కదా!"

నాలుగు వారాలు ఆవిడ ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. బుద్ధి వచ్చిందనుకున్నాను. అయిదో బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"డెల్‌రాయ్, నాయనా..."

"వద్దు ఆంటీ! మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"కుడికాలు మాత్రం పట్టుకోకు. మోకాలికి ఒకటే ఆవులింతలు."

"మోకాలు ఎక్కడైనా ఆవులిస్తుందా?"

"ఆవులించకూడదు కదరా! అదే జబ్బు!" అని పెట్టేసింది.

ఫాన్‌షా వెంటనే డాక్టరును ఆవిడ ఇంటికి పంపాడు. నేను పై అంతస్తుకి పరుగెత్తాను. మా దగ్గర ప్రతి పెద్ద పాత్రకీ ఒక మారు నటి ఉంటుంది. అసలు నటి రానిరోజున వేదిక ఎక్కాలి. వచ్చిన రోజున మేడ మీద గదిలో ఊరికే కూర్చోవాలి. మా మార్వా క్వాషీ పది నెలలుగా అలాగే కూర్చుంది. అల్లిన స్వెట్టర్లు పదకొండు. సంగతి చెప్పగానే పన్నెండోదాన్ని సూదులతో సహా నా చేతిలో పడేసి మెట్లు దిగింది.

మారు నటి అని ప్రకటించగానే హాలంతా ఉస్సురంది. పది నిమిషాల్లో ఆ ఉస్సురు నవ్వయింది. కానీ పై బాల్కనీలో ఎవరో ప్రతి జోకుకీ అందరికంటే అర సెకను ముందే నవ్వుతున్నారు. జోకు పూర్తికాకముందే నవ్వాలంటే నాటకమంతా నోటికి వచ్చుండాలి కదా!

విరామంలో పైకెళ్ళి చూస్తే చివరి వరసలో, ఈకల టోపీ పెట్టుకుని, ఐస్‌క్రీం తింటూ మా రోగి!

"ఆంటీ! డాక్టరు మీ ఇంటికెళ్ళాడు!"

"వెళ్ళనీ. 'నిద్రపోతున్నాను' అని రాసి తలుపుకి అంటించాను."

"నిద్రలో రాశారా? సినిమా పోతుందని తెలిసి ఇదేం పిచ్చి?"

ఆవిడ చెంచాతో కింద మూడో వరస చూపించింది. "ఆ బూడిదరంగు కోటు మార్వా వాళ్ళమ్మ. శుక్రవారం ట్రినిడాడ్ వెళ్ళిపోతోంది. ఇక తిరిగి రాదట. టికెట్టు నేనే పంపాను. మరి చూడొద్దూ కూతుర్ని వేదిక మీద?"

నేను మెడ సాచి ఆ కోటుకేసి చూశాను.

"నేనూ మారు నటిగా మొదలెట్టినదాన్నేరా. రెండేళ్ళు మేడ మీదే. అసలు నటి గుండ్రాయిలా ఉండేది. ఆవిడకి జలుబు చెయ్యమని చర్చిలో మోకరిల్లేదాన్ని, వెంటనే క్షమించమని వేడుకునేదాన్ని. మా అమ్మ నన్ను చూడ్డానికి ఈ టోపీ కొనుక్కుంది. పెట్టుకునే పని పడనే లేదు." ఐస్‌క్రీం కప్పు గీకింది. "వెళ్ళు, గంట కొడుతున్నారు."

చెవీ, జుట్టూ, వెన్నెముకా అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రిపోర్టుల్లో అవన్నీ రాసిన తెలివైనవాణ్ణి నేనే.

తెర పడింది. మార్వా వంగి నమస్కరించింది. అప్పుడు లేచింది బాల్కనీ నుంచి ఒక గొంతు. "మార్వా! మార్వా! మా బంగారం!" పైనున్న షాండిలియర్ దీపాల గుత్తి కదిలిందని లైట్లవాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. ఆ గొంతు ఎవరిదో ఆ థియేటర్లో ఎలకలకి కూడా తెలుసు. అప్పుడే ఉత్త చేతులతో తిరిగొచ్చిన డాక్టరును రెక్క పట్టుకుని ఫాన్‌షా మెట్లెక్కాడు. వెనకాలే నేను.

"ఓహో! మోకాలు ఆవులిస్తోందన్నారు?"

ఆంటీ జవాబు చెప్పబోయింది. పెదవులు కదిలాయి. శబ్దం లేదు. మళ్ళీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"నటన! శుద్ధ నటన!" అన్నాడు ఫాన్‌షా.

డాక్టరు చిన్న లైటు వేసి నోట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "నటన కాదండీ. గొంతు పచ్చిపుండులా ఉంది. వారం రోజులు మాట్లాడకూడదు," అని అక్కడికక్కడే చీటీ రాసిచ్చాడు. ఫాన్‌షా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది నిజంగా చీటీయే. సినిమాకి ఇంకా రెండు నెలలుంది. వారం రోజులూ మార్వాయే ఆడాలి.

ఇంతలో మార్వా మేకప్పుతోనే పరుగెత్తుకొచ్చి ఆంటీ మెడ వాటేసుకుంది. వెనక వాళ్ళమ్మ, ఆయాసపడుతూ.

"ఎలా ఉంది ఆంటీ? చెప్పండి, ఎలా చేశాను?"

ఆంటీ నా జేబులోంచి పెన్సిలు లాక్కుని, టికెట్టు వెనక రాసిచ్చింది.

'బాగుంది. కానీ రెండో అంకంలో కోపంగా వెళ్ళేప్పుడు తలుపు దొంగపిల్లిలా వేశావు.'

మార్వా చదివి కళ్ళు తుడుచుకుంది. నడుం మీద చెయ్యి వేసి మమ్మల్నందర్నీ ఎగాదిగా చూసింది. గిరుక్కున తిరిగి బయటికెళ్ళి, బాల్కనీ తలుపు దబాలున వేసింది. గోడకున్న పటం ఒకటి ఊడి ఫాన్‌షా కాళ్ళ దగ్గర పడింది.

ఆంటీ రెండు బొటనవేళ్ళూ పైకెత్తింది.