గేటు బయట నిలబడిన కమలాక్షమ్మ

ఆళ్లగడ్డ కన్యకాపరమేశ్వరి గుడిలో పనులన్నీ చూసుకునే వాసవాంబ మాటంటే మాటే. కుంకుమపూజకు ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమే చెప్పాలి, పులిహోరలో ఉప్పెక్కువైతే వంటమనిషికి చీవాట్లూ ఆమే పెట్టాలి. పెద్దవాళ్లను ఫోన్లలో బెదిరించి దోచుకుంటున్నారని నంద్యాల నుంచి పోలీసమ్మ వచ్చి చెప్పి, గుళ్లలో మీరే నలుగురికీ చెప్పండమ్మా అన్నప్పటి నుంచి ఆ పనీ నెత్తినేసుకుంది. శుక్రవారం పొద్దున హారతి అయ్యాక ఎవరినీ లేవనిచ్చేది కాదు.

"పోలీసునన్నా, జడ్జినన్నా ఫోన్ పెట్టేయండి. పెట్టేసి నాకు చెప్పండి. ఎవురికీ చెప్పొద్దంటాండాడంటే వాడు దొంగే."

ఇద్దరు ముసలమ్మలు అలా బయటపడ్డారు కూడా. దాంతో వాసవాంబకు కాస్త గర్వం వచ్చింది. రాక ఏం చేస్తుంది!

ఆ మాట వినాల్సిన మనిషి మాత్రం గుడిలో లేదు. పెళ్లై ఈ ఊరొచ్చిన నాటి నుంచి వాసవాంబకు తోడు కమలాక్షమ్మ. ఆమె భర్త భాస్కరయ్య ఎండాకాలంలో పోయాడు. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా గుడి మెట్లెక్కరు. కర్మలయ్యాక ఆ సంగతి గుర్తు చేసిందీ వాసవాంబే. అమ్మవారి దీపం పెట్టేది తను కాబట్టి, మైల అంటుతుందని ఆ ఇంటికి పోవడమూ మానుకుంది.

భాస్కరయ్య కిరాణా అంగడి నడిపినన్నాళ్లూ ఆయన తక్కెడ కొనేవాళ్ల వైపే మొగ్గేది. ఊళ్లో ఆయన సంపాదించుకున్నది ఆ పేరే. ఫోన్ దొంగ వెధవ ఒకడు సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. ఢిల్లీ పోలీసునని కమలాక్షమ్మకు ఫోన్ చేసి, మీ ఆయన పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది, మనిషి పోయినా కేసు పోదు, డబ్బు కట్టకపోతే ఫోటో పేపర్లో వేస్తాం, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు.

ఒక శుక్రవారం వాసవాంబ గుడి లోపల అందరికీ చెబుతుంటే గేటు అవతల కమలాక్షమ్మ కనబడింది. చేతిలో ఫోను. మెట్ల కింద చెప్పుల పక్కన నిలబడి లోపలికే చూస్తోంది. పాపం, అమ్మవారిని దూరం నుంచైనా చూసుకోవాలని వచ్చిందనుకుంది వాసవాంబ. ఉండమని చేత్తో సైగ చేసి, చెప్పేది చెప్పి, ప్రసాదం పంచి బయటికొచ్చేసరికి ఆమె లేదు. ఇంటికి పోయి పలకరిద్దామా అనుకుంది. మడిచీరలో ఉన్నానులే అని ఊరుకుంది.

అప్పటికే కమలాక్షమ్మ నంద్యాల బస్సెక్కేసింది. ఆళ్లగడ్డ బ్యాంకులో అందరూ తెలిసినవాళ్లు, ఎందుకని అడుగుతారు. అందుకే నంద్యాలకు పొమ్మని వాడే చెప్పాడు. ఉన్నదంతా ఊడ్చి వాడి పాలు చేసింది.

పాలు పోసే బాలమ్మ, "కమలాక్షమ్మ ఇంక పాలు వద్దంటాంది" అని చెప్పిన రోజు వాసవాంబకు అనుమానమొచ్చింది. మడీ లేదు, మైలా లేదు, కట్టుకున్న చీరతోనే పరుగెత్తింది. కమలాక్షమ్మ చెప్పిందంతా గడపలోనే కూర్చుని వింది.

"నాకొక్క మాట చెప్పగూడదా వదినా?"

"చెప్దామనే వస్తి. మెట్లెక్కగూడదంటివి గదా. నువ్వేమో లోపల్నే ఉంటివి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే వాసవాంబ తట్టుకునేది. ఆమె అంతలా ఏడవడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

పోలీసులకు చెప్పారు. పోయింది మాత్రం తిరిగి రాలేదు. మరుసటి శుక్రవారం వాసవాంబ తన సభను గుడిలోంచి తీసి కమలాక్షమ్మ వసారాలో పెట్టింది. మైల ఇంట్లో ఇదేందని గుడి పెద్దలు గొణిగితే, "అమ్మవారికి నేను చెప్పుకుంటాలే" అంది.

అందరూ వెళ్లాక కమలాక్షమ్మ తలుపు చాటు నుంచి మెల్లగా అడిగింది.

"వదినా, దుడ్లన్నీ కట్టేసినా గదా. ఇంక ఆయన్ను ఎవురూ దొంగ అనరు గదా?"

కేసే అబద్ధమని వాసవాంబ అప్పటికి ఎన్నోసార్లు చెప్పింది. ఆ పూట మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు.

"అనరు వదినా," అంది.